ఇరుకున పడిన మాట

కష్టదశను తెలుపుటకు ఇంగ్లీషున ‘డైర్ స్ట్రెయిట్స్’ అను జంటమాట కలదు. ‘డైర్’ అనగా ఘోరమైన అని అర్థము. రేడియోలో పలుకువానికి దీనితో పేచీ లేదు, వ్రాయువానికే చిక్కు. తిన్ననిది అను అర్థముగల ‘స్ట్రెయిట్’ కూడ చెవికి అట్లే వినబడును. కాని దాని నడుమ జి, హెచ్ అను రెండు మూగ అక్షరములున్నవి. కష్టమును తెలుపు మాటలో అవి లేవు. బాగుగా చదువుకొన్నవారును ఈ రెంటిని తారుమారు చేయుట కద్దు.

ఇది వట్టి అక్షరదోషమైనచో ఇంత ప్రసంగము అక్కరలేదు. మూగ అక్షరములు గల మాట ‘చాచు’ అను అర్థముగల పాత ఇంగ్లీషు క్రియనుండి పుట్టినది. లాగి పట్టిన త్రాడువలె తిన్ననైనదని భావము. రెండవది లాటిను ‘స్ట్రిక్టుస్’ నుండి పాత ఫ్రెంచి మీదుగా వచ్చినది. బిగించినది, ఇరుకైనది అని అర్థము. ఒకటి సాగినది, ఒకటి కుదిసినది. తిన్నని బాటలో నడచువానికి ఘోరకష్టమేమి?

రెండు భూభాగముల నడుమ నుండు ఇరుకు నీటిదారికి, అనగా జలసంధికి, ఆ పేరే పెట్టిరి. 5 ఓడలతో స్పెయిను విడిచిన మాగెల్లాన్ 1520 అక్టోబరు 21న దక్షిణ అమెరికా కొనయందలి జలసంధి ముఖమును చూచెను. ఆవలి మహాసముద్రమును చేరుసరికి నవంబరు 28 అయినది. ఒక ఓడ అంతకుముందే బద్దలయ్యెను, మరియొకటి జలసంధి నడుమనుండి స్వదేశమునకు పారిపోయెను, మూడే బయటపడెను. అయినను ఈ పలుకుబడి నావికుల బాధలనుండియే పుట్టినదనుట తొందరపాటు. సముద్రమునకును సంకటమునకును ఇరుకే మూలము.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో దావీదు ఎదుట మూడు శిక్షలు నిలుచును: ఏడేండ్ల కరవు, మూడు నెలలు శత్రువులచే తరుమబడుట, మూడు దినముల తెగులు. ఒకదానిని కోరుకొనక తప్పదు. తన స్థితిని చెప్పుకొనుటకు అతని నోట వచ్చినది ఈ ‘స్ట్రెయిట్’ అను మాటయే. హీబ్రూ మూలమందలి మాటకును ఇరుకు అనియే అర్థము.

మనకు ఇది వింత కాదు. ఇరుకునుండియే మన ఇరకాటము వచ్చినది. ప్రాణసంకటము అనునపుడు మనము తలపకపోయినను, సంస్కృతమున సంకటమనగా ఇరుకైన త్రోవ. ‘ఇరుకున పడితిని’ అను తెలుగు పలుకును మనసున నుంచుకొన్నవాడు ఆ మూగ అక్షరములను చేర్చడు.

చేతులను బిగించి కట్టు ‘స్ట్రెయిట్ జాకెట్’ కూడ ఈ ఇరుకు మాటయే. అందు మాత్రము జి, హెచ్ చేర్చి వ్రాయుటను గూడ కొన్ని నిఘంటువులు అంగీకరించినవి.