వీధి బడిలో పెద్ద పిల్లలు

డాక్టరుకి చరిత్రతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి వల్ల నాకీ పని పడింది.

ఒక రాత్రి 52 లోంచి 27 తీసివేయాల్సిన లెక్క వచ్చింది. "రెండులోంచి ఏడు పోదు, పక్క అంకె దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో" అన్నాను, చిన్నప్పుడు మా మాస్టారు చెప్పినట్టే. "మా టీచర్ అలా చెప్పలేదు నాన్నా" అంది. డ్యూటీ నుంచి అలసి వచ్చానేమో, గట్టిగా కసిరాను. ఆ తర్వాత వారం రోజులు లెక్కల కాగితం నా దగ్గరికి రాలేదు.

ఈ దేశంలో తల్లిదండ్రులకు ఈ అవస్థ కొత్తది కాదు. 1957 అక్టోబరులో రష్యా వాళ్ళు స్పుట్నిక్‌ను ఎగరేశాక అమెరికాకు చదువుల బెంగ పట్టుకుంది. 1958లో ఎడ్వర్డ్ బెగిల్ ఆధ్వర్యాన పెద్ద గణితజ్ఞులు, ఉపాధ్యాయులు కలిసి కొత్త పాఠ్యపుస్తకాలకు పూనుకున్నారు. న్యూ మాథ్ అన్నది ఇదే. పదికి బదులు ఎనిమిది ఆధారంగా లెక్కించడం, సమితులు చిన్న తరగతుల్లోకి దిగాయి. ఇంట్లో సహాయం చేయబోయిన తల్లులూ తండ్రులూ తెల్లమొహం వేశారు. 1965లో టామ్ లేరర్ ఒక తీసివేత లెక్క మీదనే హాస్యపు పాట కట్టాడు. 1973లో మారిస్ క్లైన్ ఆ విధానాన్ని దుయ్యబడుతూ పుస్తకమే రాశాడు. 2010లో కామన్ కోర్ వచ్చాక మళ్ళీ అదే గొడవ. అందులో మనకు తెలిసిన నిలువు పద్ధతిలో పట్టు రావలసింది నాలుగో తరగతికి. రెండో తరగతి పిల్లకు నేను చెప్పబోయింది అదీ!

ఇక మన వైపు సంగతి. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసుకు నివేదిక పంపాడు. తెలుగు, కన్నడ బడులే ఎక్కువగా మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అయిదో ఏట బడిలో వేసేవారు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు, తర్వాత ఎక్కాలు, భిన్నాలు. అర్థం తెలియకుండా వల్లెవేయిస్తున్నారని ఆయన విమర్శించాడు, అది ఒప్పుకోవాల్సిందే. ఎక్కాలు మన సొత్తని మనం చెప్పుకునే గొప్పలో సగం అక్కడే పోతుంది. కాని ఒక్కటి మాత్రం ఆయన మెచ్చుకున్నాడు. ముందు నేర్చుకున్న పిల్లలు వెనకవాళ్ళకు నేర్పడం. మద్రాసులో ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే నడిపి, 1797లో ఇంగ్లండులో పుస్తకంగా వేశాడు. అక్కడి బడులు దాన్ని మద్రాసు పద్ధతి అనే పిలిచాయి.

ఇది చదివిన రాత్రి అమ్మాయిని పిలిచి, "మీ టీచర్ చెప్పింది నాకు నేర్పమ్మా" అన్నాను. కాసేపు అనుమానంగా చూసి పెన్సిలు తీసింది. 27 నుంచి 30కి మూడు, 30 నుంచి 50కి ఇరవై, ఆపైన రెండు. మొత్తం ఇరవై అయిదు.

తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న మా అమ్మ పక్కనే చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఇదేముందిరా, మన కొట్లో శెట్టిగారు చిల్లర ఇచ్చేది ఇలాగే కదా" అంది.

అమ్మాయికి ఆ శెట్టిగారెవరో చెప్పాల్సి వచ్చింది. మర్నాడు కాగితం మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఈసారి నేనొక లెక్క తప్పు చేస్తే, అది ఎర్ర పెన్సిలు తెచ్చుకుంది.