రుచి ధరలో రోకలి వాటా

సేంద్రియ బియ్యం నిజంగా రుచిగా ఉంటాయా, అంత ధర పెట్టడం దండగా అన్న చర్చ ఈమధ్య ఆడవాళ్ళం నలుగురం కలిసిన ప్రతిచోటా వస్తోంది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ‘దంపుడు బియ్యం’ అని రాసిన సంచీ కనిపిస్తే ముందు ధర చూస్తాం, తర్వాత చిన్నప్పటి అన్నం వాసన గుర్తు చేసుకుంటాం. ఈ ప్రశ్నని మనం ఎప్పుడూ తినేవాళ్ళ నాలుక వైపు నుంచే అడుగుతున్నాం. దాన్ని మా గుండుగొలను చరిత్ర వైపు నుంచి అడిగి చూడాలని నా ప్రయత్నం.

గుండుగొలనుకి ఉత్తరాన మెట్ట, దక్షిణాన కొల్లేరు పల్లం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్ళు వచ్చాక పల్లం వరిమయమైంది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అన్న వడ్ల పేర్లు నేను మా అమ్మమ్మ నోట విన్నాను. అప్పుడు ఎరువంటే పశువుల గెత్తం, పచ్చిరొట్ట. పండినదంతా సేంద్రియమే కాబట్టి దానికి వేరే పేరు అక్కర్లేకపోయింది. పేడ ఎత్తడం, ఊడ్పులు, కలుపు తీత, విత్తనాలు ఎండబెట్టి గాదెలో దాచడం, వడ్లు దంచడం అన్నీ ఆడవాళ్ళ పనులు. పెద్ద రైతుల ఇళ్ళకి దంపుళ్ళకి వచ్చే కూలి ఆడవాళ్ళకి దక్కేది నూకలు, తవుడు అని అమ్మమ్మ చెప్పేది. ఈనాడు మనం వెతుక్కుంటున్న ఆ రుచిలో సగం రోకలిపోటుదే. పైపొర పూర్తిగా పోని గింజలో మిగిలిన తవుడే ఆ కమ్మదనం, ఆ వాసన.

తర్వాత మరలొచ్చాయి. 1934లో గాంధీ ప్రోద్బలంతో పుట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రచారం చేసింది. 1958లో వచ్చిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం వెనక చేతి దంపుడుని కాపాడాలన్న ఉద్దేశం కూడా ఉంది. ఆ వాదనల్లో పోషకాల గురించి విన్నంతగా దంచే మనిషి నడుం గురించి వినం. రోకలి దించిన ఇల్లాలికి మర విముక్తి. దంపుడు కూలి మీదే పిల్లల్ని సాకిన మనిషికి అదే మర తిండి తీసేసింది. బెంగాల్‌లో ఢెంకి తొక్కి బతికిన లక్షలాది ఆడవాళ్ళకి జరిగిందీ ఇదే. ‘పాత రుచి పోయింది’ అని బాధపడే వ్యాసాల్లో ఈ రెండు ముఖాలూ కనిపించవు.

1960–61లో సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో మొదట ఎంచుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 పండించి పేరు పొందారు. కడుపు నింపిన ఆ వడ్ల అన్నం చల్లారితే గట్టిపడేది. 1982లో మార్టేరు పరిశోధనా స్థానం నుంచి స్వర్ణ, ఆ తర్వాత బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. సాంబ మసూరి రుచికి రసాయన ఎరువులు అడ్డం రాలేదు. అంటే రుచిని నిర్ణయించేవి ముందు వంగడం, తర్వాత మరపట్టిన తీరు, నిల్వ. 2010లో అమెరికాలో స్ట్రాబెర్రీలతో చేసిన పరీక్షలో ఒక రకంలోనే సేంద్రియ పండు రుచిలో స్పష్టంగా మెరుగనిపించుకుంది. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అనేక అధ్యయనాలు పరిశీలించి పోషకాల్లో పెద్ద తేడాకి గట్టి ఆధారం లేదన్నారు. పురుగుమందుల అవశేషాలు మాత్రం సేంద్రియ పంటలో తక్కువన్నారు. 2014లో వచ్చిన మరో సమీక్ష సేంద్రియ పంటలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ అంది.

నాలుక దగ్గర తేలని ఈ లెక్క పొలంలో తేలుతుంది. మందులు దోమని తినే పురుగుల్ని కూడా చంపితే సుడిదోమ ఇంకా పెరిగింది, మందూ పెరిగింది. ఎండ్రిన్ అన్న మాట మా ఊళ్ళలో పురుగుమందుకీ ఆత్మహత్యకీ కూడా పర్యాయపదమైంది. గుళికలు చల్లిన మడిలో వట్టి కాళ్ళతో వంగి కలుపు తీసింది ఆడవాళ్ళే. ఆ నీళ్ళే కాలువల్లోంచి కొల్లేట్లోకి దిగాయి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలొచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పి, అవి ఏ దారిన ఒంట్లో చేరాయో తేల్చడానికి ఇంకా అధ్యయనం కావాలన్నారు. చవక బియ్యానికి మనం కట్టని ధర ఎవరి ఒంటి మీద పడుతోందో ఆలోచించక తప్పదు.

అందుకే ఎక్కువ ధర న్యాయమేనంటాను, కాకపోతే ఆ ఎక్కువ ఎవరికి చేరుతోందో అడగాలి. సేంద్రియ ధ్రువపత్రం రావాలంటే వరి వంటి పంటకి మామూలుగా రెండేళ్ళ పరివర్తన కాలం ఉండాలి. మా జిల్లాల్లో వరి చేల చాలా భాగం కౌలుది. 2019 చట్టం కౌలు రైతుకి సాగు హక్కు కార్డు ఇచ్చింది 11 నెలలకి, అదీ భూమి యజమాని ఒప్పుకుంటేనే. రెండేళ్ళు కష్టపడి నేలని బాగుచేసుకున్న కౌలుదారు చేతిలో మూడో ఏట ఆ చేను ఉంటుందన్న భరోసా ఏది? పట్టాలోనూ కౌలు కాగితంలోనూ పేరులేని ఆడమనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో చరిత్ర కూడా మన ముందుంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పురుగుమందులు మానేసిన అనుభవం తర్వాత, 2004 నుంచి మందుల్లేని సాగు మహిళా పొదుపు సంఘాల మీదుగా రాష్ట్రమంతా పాకింది. ఆ పునాది మీదే నిలిచిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అయితే జీవామృతం కలిపే పనిని, పెరిగిన కలుపు పనిని ఖర్చు పద్దులో వేయకుండా ‘పెట్టుబడి తగ్గింది’ అంటే రోకలి నాటి లెక్కే మళ్ళీ రాసినట్టవుతుంది. నూకలతో, తవుడుతో సరిపెట్టిన ఆ పాత కూలిని ఈసారి గింజల్లోనే కట్టాలి. సంచీ మీద రాసిన ధరలో ఊడ్చిన చేతికీ కలుపు తీసిన చేతికీ ఎంత వాటా ఉందో చెప్పగలిగిన రోజున ఆ బియ్యం ఎంతైనా పెట్టి కొనదగినవే.