కేలండరులో దేవుడి వెనక కనిపించే ఊరు



మీ ఇంట్లో పాత కేలండరు పటం ఉంటే, దేవుడికి దండం పెట్టుకున్నాక ఆయన భుజం వెనక కూడా ఒకసారి చూడండి. దూరంగా గోపురం, చెట్ల వరుస, కొండ కనిపిస్తాయి. ముందున్న నగలు, పంచె అంచు గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. గోపురం మాత్రం మంచులో ఉన్నట్టు లేత నీలంగా, మసకగా ఉంటుంది. అది అచ్చు తప్పు కాదు. ఆ మసకకు ఒక చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం మన కోయిల్‌పట్టిలోనే జరిగింది.

పాత తంజావూరు పటాల్లో ఈ మసక ఉండదు. తంజావూరు, తిరుచ్చి రాజులు, మదురై నాయుళ్ళు తెలుగు మూలాలున్న చిత్రకారులు. వాళ్ళు దేవుడి చుట్టూ బంగారు రేకు అతికించేవారు. అక్కడ బంగారమే వెలుగు, దూరంతో పని లేదు. దూరాన్ని చూపించే విద్య తైలవర్ణాలతో వచ్చింది. 19వ శతాబ్దంలో తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆదరణలో ఐరోపా పద్ధతిలో బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న అళగిరి నాయుడు గారిది మదురై. ఆ తర్వాత అదే కొలువులో ఉన్న రామస్వామి నాయుడు గారు కుర్రవాడైన రవివర్మకు నూనె రంగుల గుట్టు చెప్పలేదంటారు. ఆ రోజుల్లో అది అంత విలువైన విద్య.

విరుదునగరంలో నూనె అంటే మనకు నువ్వుల నూనే గుర్తొస్తుంది. బొమ్మకు అది పనికిరాదు, గట్టిగా ఆరదు. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, కానీ నిదానంగా. ఆ నిదానమే చిత్రకారుడికి వరం. తడి ఆరేలోపు పొడి కుంచెతో గోపురం అంచును ఆకాశంలోకి మెత్తగా కలిపేయవచ్చు. ముందు ఆకాశం, తర్వాత దూరపు గోపురం, చివరికి దగ్గరి ఇళ్ళు వేస్తారు. దూరం పెరిగేకొద్దీ తెలుపు, నీలం కలిపి, వెలుగుకూ నీడకూ తేడా తగ్గిస్తారు.

1898లో పుట్టిన సి. కొండయ్య రాజు గారు మద్రాసు ఆర్ట్స్ స్కూలులో చదివారు. కొంతకాలం తిరువణ్ణామలై రమణాశ్రమంలో గడిపారు. తర్వాత నాటక కంపెనీలో తెరలు రాసే పనిలో చేరారు. రాజవీధి తెర వేస్తే, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా ఆ వీధి మైలు దూరం సాగినట్టు కనిపించాలి. 1942లో కంపెనీతో కోయిల్‌పట్టికి వచ్చారు. కంపెనీ చెదిరిపోయింది, ఆయన ఇక్కడే ఉండిపోయి దేవి ఆర్ట్ స్టూడియో పెట్టారు. టి.ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం వంటి శిష్యులను తయారుచేశారు.

పక్కనే శివకాశి. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తాలో పని నేర్చుకొచ్చి 1923లో అగ్గిపెట్టెల తయారీ మొదలుపెట్టారు. అగ్గిపెట్టె లేబుళ్ళ కోసం అచ్చు యంత్రాలు వచ్చాయి, ఆ యంత్రాల మీదే కేలండర్లు పెరిగాయి. కోయిల్‌పట్టిలో రాసిన బొమ్మ శివకాశిలో అచ్చయి, కింద దుకాణం పేరు వేసుకుని ఇంటి గోడకు చేరేది. వాడిన రంగు ఏదైనా, దూరాన్ని చూపే లెక్క మాత్రం తైలవర్ణం నేర్పిందే. ఒకప్పుడు రాజకొలువు దాటని విద్య మన వంటింటి గోడ దాకా వచ్చింది.

కొండయ్య రాజు గారు 1976లో పోయారు. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు మన వలస కథ చెప్పిన 'గోపల్ల గ్రామం' వచ్చిందీ ఆ ఏడే. పుస్తకం మళ్ళీ అచ్చవుతుంది. కేలండరు మాత్రం డిసెంబరు దాటితే పాత కాగితాల్లోకి పోతుంది.

కాబట్టి ఇల్లు సున్నం వేయించేటప్పుడు పాత పటాలు పారేయకండి. కింది మూల సంతకం చూడండి. ఫొటో తీసి, ఏ దుకాణం ఇచ్చిందో, ఏ సంవత్సరమో రాసి గ్రూపులో పెట్టండి. చందాదారుల జాబితా భద్రంగా దాచుకున్నట్టే ఈ జాబితానూ దాచుకుందాం. పిల్లలు అడిగితే, ఆ గోపురం రాసిన చెయ్యి మన ఊరిదేనని చూపించగలగాలి.