సొమ్మొకరిది

సాక్చి, బిష్టుపూర్, జుగ్సలాయ్... జంషెడ్‌పూర్ బజార్లన్నీ ఉక్కు కార్మికుల జీతాల మీదే పెరిగాయి. టాటా కార్ఖానాలో పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలసపోయిన మనవాళ్ల కుటుంబాలు కదమా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకటో తారీకున కళకళలాడి, ఇరవయ్యో తారీకుకల్లా డీలాపడే అలాంటి ఊళ్ల చిన్న కొట్లకు 2011లో కొత్త గిరాకీ దారి ఒకటి తెరుచుకుంది. షాప్‌క్లూస్ అనే ఆన్‌లైన్ బజారు అది.

గురుగ్రామ్ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ మహానగరాల కోసం పాకులాడలేదు. చిన్న పట్టణాల మీద నమ్మకం పెట్టుకుంది. బ్రాండు లేని దుప్పట్లు, చీరలు, వంటసామాను, ఫోన్ కవర్లు దాని సరుకు. బజార్లో కొట్టు అద్దెకు తీసుకునే స్తోమత లేనివాడు కూడా దేశమంతా అమ్ముకోవచ్చన్నది అది చూపించిన ఆశ. 2016 జనవరిలో పెట్టుబడిదార్లు దాని విలువ వంద కోట్ల డాలర్లకు పైనే కట్టారు.

ఆ సంబరంలో ఎవరూ పట్టించుకోని చోటు ఒకటుంది. మూడు వందల రూపాయల దుప్పటి ఒకటి అమ్ముడైందనుకోండి. అమ్మినవాడు సరుకు తెచ్చిన హోల్‌సేల్ కొట్టుకు అప్పటికే బాకీ. ప్యాక్ చేసి, చిరునామా అంటించి, కొరియర్ కుర్రాడికి అందిస్తాడు. కొన్నవాళ్లు గుమ్మంలో నోట్లు లెక్కపెట్టి ఇస్తారు. ఆ డబ్బు కొరియర్ సంస్థకు, అక్కణ్ణుంచి అమ్మిపెట్టిన కంపెనీకి చేరుతుంది. సరుకు వాపసిచ్చే గడువు ముగియాలి. కమీషను, రవాణా ఖర్చు, పన్ను పోవాలి. అప్పటికి గానీ మిగిలింది అతని ఖాతాలో పడదు. ఆ రోజులన్నీ అతని సొమ్ము పరాయివాళ్ల చేతిలోనే. నోటు రాయించుకోకుండా, వడ్డీ అడక్కుండా అతను కంపెనీకి అప్పిచ్చినట్టే.

ఆ అప్పు ఎంత ప్రమాదమో 2016 ఆగస్టులోనే తెలిసింది. మలేషియాకు చెందిన ఆస్ట్రో హోల్డింగ్స్ చెయ్యి వెనక్కి తీసుకోగానే ఆస్క్‌మీ అనే ఇలాంటి ఆన్‌లైన్ సంస్థే మూతపడింది. దాదాపు నాలుగు వేల మంది ఉద్యోగులు వీధినపడ్డారు. సరుకు పంపిన వర్తకుల బకాయిలు అలాగే ఉండిపోయాయి.

షాప్‌క్లూస్‌కీ కాలం కలిసిరాలేదు. కొత్త పెట్టుబడి రాలేదు. అమ్మిన సరుకు డబ్బు అందలేదన్న ఫిర్యాదులు పెరిగాయి. 2019లో సింగపూర్ సంస్థ క్యూటెన్ దాన్ని షేర్ల మార్పిడితో తీసుకుంది. పాత విలువలో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుందని పత్రికలు లెక్కగట్టాయి. పెద్ద చేతిలో పడ్డాం, ఇక బకాయిలు వస్తాయని ఆశపడినవాళ్లు ఎందరో.

ఆ పెద్ద చెయ్యి క్యూటెన్ అధిపతి కూ యంగ్-బేది. కొరియాలో జీమార్కెట్ అనే ఆన్‌లైన్ బజారు స్థాపించి, 2009లో ఈబేకి అమ్మిన ఘనుడు. అక్కడే అలాంటి బజార్లయిన టీమన్‌ను 2022లో, వీమేక్‌ప్రైస్‌ను మరుసటేడు కొన్నాడు. 2024 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ విష్ మీద 17.3 కోట్ల డాలర్లు పెట్టాడు. అందులో కొంత టీమన్, వీమేక్‌ప్రైస్‌ల డబ్బేనని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ రెండు చోట్లా అమ్మకందార్లకు చెల్లింపు గడువు రెండు నెలల దాకా సాగేది. సొమ్మొకరిది, సోకొకరిది.

2024 జూలైలో చెల్లింపులు ఆగిపోయాయి. సియోల్‌లోని ఆఫీసుల ముందు జనం రాత్రంతా బారులు తీరి, వాపసు కోసం కాగితాల మీద వివరాలు రాసిచ్చారు. ఆ నెల 29న రెండు సంస్థలూ కోర్టు శరణు కోరాయి. దాదాపు 48 వేల మంది వర్తకులకు రావాల్సింది లక్ష కోట్ల వాన్‌లు దాటింది. సెప్టెంబరులో సింగపూర్ ద్రవ్య నియంత్రణ సంస్థ క్యూటెన్ చెల్లింపు సేవలు ఆపించింది. నవంబరులో అక్కడి హైకోర్టు కంపెనీని మూసేయమంది. 2025లో టీమన్ చేతులు మారినప్పుడు అప్పులవాళ్లకు నూటికి ఒక్కటైనా రాలేదు. అదే ఏడు నవంబరులో వీమేక్‌ప్రైస్ దివాలా తీసింది.

కంపెనీలు లేచి పడటం వ్యాపారంలో ఉన్నదే. గుండె కోసేది వేరే సంగతి: ఆ పతనంలో పెట్టుబడిదారు పోగొట్టుకున్నది పందెం, చిన్న వర్తకుడు పోగొట్టుకున్నది కూలి. అతనెప్పుడూ పందెం కాయలేదు. దుప్పటి అమ్మాడు, అంతే.

మన రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో మంచి నియమమే తెచ్చింది. ఆన్‌లైన్‌లో వసూలైన డబ్బును చెల్లింపు సంస్థలు బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. కానీ గుమ్మంలో నోట్లు తీసుకునే పద్ధతిని ఆ నియమాల నుంచి మినహాయించారు. చిన్న ఊళ్లలో ఆ పద్ధతికే అలవాటు ఎక్కువ. అదే నెలలో దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి కనీస బాకీని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. లక్షల్లో రావాల్సినవాడు కూడా ఇక ఆ గుమ్మం తొక్కలేడు.

కొరియా ఆ దెబ్బ తిన్నాకే చెల్లింపు గడువును 20 రోజులకు కుదించాలని, అమ్మకం డబ్బులో సగం విడిగా దాచాలని ప్రతిపాదించింది. మనం అంత దెబ్బ తినేదాకా ఆగాల్సిన పనిలేదు. నోట్ల రూపంలో వచ్చినా, ఫోన్ నుంచి వచ్చినా, అమ్మినవాడి సొమ్మును ముట్టుకునే హక్కు మధ్యవాడికి ఉండకూడదు. అడగడానికి చిన్నవాడికీ ఒక తలుపు తెరిచి ఉండాలి. పోయినవాళ్ల సొమ్ము ఎలాగూ రాదు. ఈరోజు సరుకు పంపుతున్నవాడికైనా ఆ రక్షణ దక్కాలి.