ఉప్పు, వెండి, ఉక్కు: మన ఇళ్లలో దాగిన లోహాల చరిత్ర

చరిత్ర పుస్తకాల్లో రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం అని చదువుకున్నాం. యుగాలకే లోహాల పేర్లు పెట్టారంటే మనిషి బతుకులో వాటి స్థానం ఎంతటిదో తెలుస్తుంది. అయితే ఆ లోహాలను మోసిందెవరు, కరిగించిందెవరు, ఒంటి మీద దాచుకున్నదెవరు అన్న మాట పాఠాల్లో అరుదుగా వినిపిస్తుంది.

సికింద్రాబాద్‌లో మేము చూసుకునే హాస్టల్‌లో లంబాడీ, గోండు, కోయ పిల్లలు ఉంటారు. ఒకసారి ఒక అమ్మాయి చదువు ఖర్చుల కోసం వాళ్ల యాడి, నానమ్మ పెట్టుకున్న ఘుగ్రీలను అమ్మడానికి పట్నం తెచ్చింది. తోడుగా మేమూ బజారుకు వెళ్లాం. దుకాణంలో ఊలు దారం, పూసలు కత్తిరించి పక్కన పడేశారు. గీటురాయి మీద రుద్ది, కాటాలో వేశారు. పనితనానికి పైసా కట్టలేదు. మూడు తరాల వస్తువు గ్రాముల లెక్కయింది. ఆ రాత్రి స్టడీ అవర్‌లో అదే అమ్మాయి "లోహాలకు స్తరణీయత, తాంతవత, ధ్వనిగుణం ఉండును" అని బట్టీ పడుతోంది. పొద్దున చూసినదీ, ఇప్పుడు చదువుతున్నదీ ఒకటేనని ఆ పిల్లకు తోచలేదు. ఆ లోపం చెప్పని మాదే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఉప్పు మోసిన బిడార్లు

రైలు రాకముందు దక్కనులో ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపు మీదే ఊళ్లు దాటేవి. ఆ ఎద్దులను తోలింది బంజారాలు. లంబాడీ అనే పేరు 'లవణం' నుంచే వచ్చిందని కూడా ఒక అభిప్రాయం ఉంది. 1803 మరాఠా యుద్ధంలో ఆర్థర్ వెల్లస్లీ సైన్యం తిండిగింజలకు బంజారా బిడార్ల మీద ఆధారపడింది. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో నిలిచిన ఇంగ్లిషు సైన్యపు దండుకు 1806లో సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

మనవాళ్లు మోసిన ఆ ఉప్పునే ఒకసారి చూద్దాం. అందులో ఒక లోహం, ఒక అలోహం ఉన్నాయి. సోడియం లోహమే అయినా చాకుతో కోయగలిగేంత మెత్తన. నీళ్లు తగిలితే భగ్గుమంటుంది కనుక కిరోసిన్‌లో దాస్తారు. క్లోరిన్ ఆకుపచ్చ పసుపు కలిసిన విషవాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని ఆయుధంగా వాడారు. ఈ రెండూ కలిస్తే మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పు. మూలకాలు కలిసినప్పుడు పాత గుణాలు పోయి కొత్త గుణాలు వస్తాయని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఇనుప పట్టాలు వచ్చాక

1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889లో దారి బెజవాడ దాకా సాగింది. అదే కాలంలో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైంది. 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ వెలిసింది. ఆవిరి ఇంజన్‌ను నడిపింది ఒక లోహం, ఒక అలోహం. బొగ్గులోని కార్బన్ మండి వేడినిస్తుంది. ఇనుము ఆ వేడిని నీళ్లకు చేరవేసి, ఆవిరి ఒత్తిడికి తట్టుకుంటుంది.

ఇదే ఇనుము మన బిడార్లను ఆపేసింది. వందల ఎద్దులు వారాల తరబడి మోసే సరుకు రైలు పెట్టెల్లో రోజుల్లో చేరిపోయింది. వృత్తి పోయిన కుటుంబాలు పశువుల పెంపకానికి, వ్యవసాయానికి, కూలికి మళ్లాయి. తిరిగే తండాలు ఒకచోట నిలిచాయి. ఎద్దుల మెడలో మోగిన గంటలు చాలా ఇళ్లలో అటక ఎక్కాయి.

నానమ్మ ఒంటి మీది పాఠం

నిలకడగా ఇల్లు, భూమి లేని జనానికి ఒళ్లే పెట్టె. అందుకే సంపాదన వెండిగా మారింది. వెండి ఇనుములా తుప్పు పట్టదు. సుత్తితో కొడితే రేకవుతుంది, అది స్తరణీయత. లాగితే తీగవుతుంది, అది తాంతవత. ఘుగ్రీలు నడకకు ఘల్లుమంటాయి, అది ధ్వనిగుణం. గాలిలోని గంధక సమ్మేళనాలు తగిలి వెండి నల్లబడుతుంది. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్. కుంకుడు రసంతో తోమిన మన పెద్దవాళ్లకు దాని పేరు తెలియకపోయినా, నలుపు పైపైదే, లోపల వెండి చెడదని తెలుసు.

రూపాయి బిళ్లలు గుచ్చిన హారాలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. బిళ్ల మీది సంవత్సరం చూడండి. 1940కి ముందు బ్రిటిష్ రూపాయిలో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. యుద్ధకాలంలో, 1940 నుంచి, దాన్ని సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి నికెల్‌ది. రెండో ప్రపంచ యుద్ధం మన నానమ్మల మెడ దాకా వచ్చిందనడానికి ఆ హారమే సాక్ష్యం.

వెండి ధర అందనప్పుడు జర్మన్ సిల్వర్ వచ్చింది. పేరులోనే సిల్వర్ తప్ప అందులో వెండి లేదు. రాగి, జింకు, నికెల్ కలిసిన మిశ్రమ లోహం అది. చవక నగలు పెట్టుకుంటే చెవి దురద పెట్టి పుండు పడుతోందని పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. చాలాసార్లు కారణం నికెల్ పడకపోవడమే. అలాంటివి వెంటనే తీసేయాలి.

ఇక కాంచళీ మీది అద్దాలు. గాజుకు మూలం ఇసుక. ఇసుకలో ఉన్నది సిలికాన్, ఆక్సిజన్. సిలికాన్ పూర్తి లోహమూ కాదు, పూర్తి అలోహమూ కాదు. ఇలాంటి వాటినే అర్ధలోహాలు అంటారు. గాజు వెనుక పలచని వెండి లేదా అల్యూమినియం పూత ఉంటేనే ముఖం కనిపిస్తుంది. అంటే వేలి గోరంత అద్దంలో లోహం, అలోహం, అర్ధలోహం మూడూ ఉన్నాయి. నేటి ఫోన్‌లోని చిప్ కూడా సిలికానే. నానమ్మ రవికలోనూ, మనవరాలి చేతిలోనూ ఉన్నది ఒకే మూలకం.

ఓజాల మూస, కోనసముద్రం ఉక్కు

ఆసిఫాబాద్ ప్రాంతంలో ఉషేగాం, జైనూర్ వంటి చోట్ల ఓజాలు నేటికీ ఇత్తడి పోత పోస్తున్నారు. మట్టి బొమ్మ చేసి, దాని మీద తేనెమైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాలి కనుక ఒక మూసకు ఒకటే వస్తువు. గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు ఇలాగే పుట్టాయి. ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఉక్కు సంగతి ఇంకా పెద్దది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కొలిమిలో ఉంచేవారు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. కార్బన్ కలిస్తే అంత వేడి అక్కర్లేదు. నూటికి ఒకటి రెండు పాళ్ల ఆ అలోహమే మెత్తని ఇనుమును కత్తి అంచు నిలిచే ఉక్కుగా మార్చింది. 1820ల తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ, ఆ ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు రావడం గురించి రాశాడు. ఇంగ్లండ్‌లో ఫారడే కూడా ఈ ఉక్కును పరీక్షించాడు. వాళ్లు పిలిచిన 'వూట్జ్' అనే పేరు మన 'ఉక్కు' నుంచి వచ్చిందే. కొలిమిలో నిలిచింది కమ్మరులే అయినా, కొలిమికి కావలసిన కర్రబొగ్గు అడవిది. మధ్య భారతంలో గోండుల పొరుగున ఉన్న అగరియాలు మాత్రం ఇనుము తీయడమే కులవృత్తిగా బతికారు. వారి మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమే వెలువరించాడు.

వంటింట్లో మిగిలినవి

అగ్గిపెట్టె పక్క గీతలో ఎర్ర భాస్వరం ఉంటుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పూసేది తగరం. పులుసు ఇత్తడిని తాకి చిలుము పట్టకుండా అది కాపాడుతుంది. కంసాలి అతుకు వేసేటప్పుడు చల్లే వెలిగారంలో బోరాన్ అనే అర్ధలోహం ఉంది. కంటికి పెట్టే సుర్మా పూర్వం ఆంటిమొనీ ఖనిజంతో చేసేవారంటారు. ఇప్పుడు బజారులో దొరికే చాలా రకాల్లో సీసం ఉంటోంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పసిపిల్లల కళ్లకు అది పెట్టవద్దని తల్లులకు మా మనవి.

కరిగించే ముందు

అవసరానికి నగ అమ్ముకోవడం తప్పు కాదు. మన పెద్దలు వెండి కొన్నదే ఆపద కోసం. కానీ కరిగాక వెండి మిగులుతుంది, చరిత్ర మిగలదు. కాబట్టి అమ్మేముందు ఒక ఫోటో తీయండి. దాని పేరు మన భాషలో రాయండి. ఎవరు పెట్టుకున్నారు, ఏ తండాది, ఏ గూడెంది, బరువెంత, బిళ్ల మీద ఏ సంవత్సరం ఉంది, ఇవన్నీ రాసి పెట్టండి. దీనికి ఖర్చేమీ లేదు.

మా హాస్టల్‌లో ఇందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టాం. సెలవులకు వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో వస్తువు వివరం రాసుకొస్తున్నారు. ఆ అమ్మాయి వాళ్ల యాడి ఆ రోజు ఒక ఘుగ్రీని అమ్మకుండా కొంగున కట్టుకుని వెళ్లింది. పుస్తకంలో మొదటి పేజీ దానిదే. పక్కన ఆ అమ్మాయి తన చేతిరాతతో ఇలా రాసింది: "లోహం: వెండి. గుణం: మోగుతుంది. ఎవరిది: మా నానమ్మది."