ధవళేశ్వరం

ధవళేశ్వరం ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరి జిల్లాలో, రాజమహేంద్రవరానికి దిగువన గోదావరి ఎడమ గట్టున ఉన్న చిన్న పట్టణం. పందొమ్మిదో శతాబ్దపు నీటిపారుదల చరిత్రలో దీనిది మొదటి వరుస స్థానం. గోదావరి మీద తొలి ఆనకట్ట ఇక్కడే లేచింది. దాని కోసం దేశంలోని తొలినాటి రైలు పట్టాల్లో కొన్ని ఇక్కడ పడ్డాయి. డెల్టా అంతటా పడవలు తిరిగిన కాలువలకు మూలం కూడా ఇదే.

ఉనికి

అఖండ గోదావరిగా వచ్చిన నది ఈ ఊరి దగ్గరే గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. లంకలతో కలిపి చూస్తే ఇక్కడ నది చాలా వెడల్పు. ఒడ్డునే రాతి కొండ ఉంది. ఆ కొండమీది జనార్దనస్వామి ఆలయం గోదావరి తీరంలోని నవ జనార్దన క్షేత్రాల్లో మొదటిది. భక్తులకు పుణ్యస్థలమైన ఆ కొండ, ఇంజనీర్లకు రాయి దొరికే చోటుగా కనిపించింది.

ఆనకట్ట

1833 నాటి డొక్కల కరువు, దాని ముందూ వెనుకా వచ్చిన వరదలు, తుపానులు అప్పటి రాజమండ్రి జిల్లాను కుంగదీశాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. పక్కనే నిండుగా పారే నది ఉండగా పొలాలు ఎండిపోవడం ఈ సీమ విషాదం.

కావేరి మీద పనిచేసి వచ్చిన సైనిక ఇంజనీరు ఆర్థర్ కాటన్ (1803–1899) దీనికి పరిష్కారంగా ఆనకట్టను ప్రతిపాదించాడు. నది వెడల్పుగా, లోతు తక్కువగా, మధ్యలో లంకలతో ఉండటం, రాయి చేతికందే దూరంలో దొరకడం వల్ల ధవళేశ్వరాన్ని ఎంచుకున్నాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. కూలీలను కూడగట్టి, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న.

ఆనకట్ట ఒకే గోడ కాదు. లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగింది. వీటి మొత్తం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు బయలుదేరాయి. నేడు వీటి కింద పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది.

రాళ్లు మోసిన పట్టాలు

దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణేకు నడిచింది. అంతకంటే ముందే ధవళేశ్వరంలో పట్టాలున్నాయి. కొండలో పగలగొట్టిన రాయిని నది ఒడ్డుకు చేర్చేందుకు వేసిన ఈ దారిని గోదావరి ఆనకట్ట నిర్మాణ రైల్వేగా, 1845 నాటిదిగా రైల్వే చరిత్రలు పేర్కొంటాయి. మద్రాసు దగ్గర రోడ్ల పనికి రాయి మోసిన రెడ్‌హిల్స్ రైలుదారి (1837) దీనికి పూర్వగామి. ఆ దారితోనూ కాటన్‌కు సంబంధం ఉంది.

కాలువలు, లాకులు, పడవలు

కాటన్ దృష్టిలో కాలువ పొలానికి నీరిచ్చే సాధనం మాత్రమే కాదు, సరుకు నడిచే దారి కూడా. అందుకే ప్రధాన కాలువలను పడవలు తిరిగేలా తవ్వించారు. నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టారు. పడవ లాకులోకి వచ్చాక తలుపులు మూసి, నీటిని నింపో వదిలో దాన్ని పై మట్టానికి ఎక్కిస్తారు, లేదా కింది మట్టానికి దింపుతారు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషుల భుజబలం పడవను నడిపేవి. ధాన్యం, కొబ్బరి, కలప, ఉప్పు ఇలాగే ప్రయాణించేవి.

ధవళేశ్వరం నుంచి కాలువల మీదుగా కాకినాడ రేవుకు పోవచ్చు. పశ్చిమ డెల్టా కాలువలు ఏలూరు మీదుగా కృష్ణా కాలువలతో కలుస్తాయి. అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల ద్వారా మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది.

ధవళేశ్వరానికి ఎగువన గోదావరిని మధ్య భారతం దాకా ఆవిరి పడవల దారిగా మార్చాలన్నది మరో పెద్ద ఆలోచన. రాతి అడ్డంకులున్న మూడు చోట్ల కాలువలు, లాకులు కట్టేందుకు ఎఫ్.టి. హేగ్ ఆధ్వర్యంలో పనులు సాగాయి. వాటిలో మొదటిది భద్రాచలానికి పైన ఉన్న దుమ్ముగూడెం. వేసవిలో ఇసుక తేలే నది, మన్యపు జ్వరాలు, పెరుగుతున్న ఖర్చు ఆ ప్రయత్నాన్ని వెనక్కి లాగాయి. 1871లో పనులు ఆపేశారు. అయినా రాజమండ్రి, భద్రాచలాల మధ్య లాంచీల రాకపోకలు తరువాత చాలా కాలం సాగాయి.

రైలు రాక

రైలు కంటే జలమార్గమే చవకని కాటన్ జీవితాంతం వాదించాడు. చరిత్ర మరో దారి పట్టింది. 1893లో తూర్పు తీర రైలు మార్గం గోదావరి జిల్లాకు వచ్చింది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య 45.7 మీటర్ల ఖానాలు 56తో నిర్మించిన హేవ్‌లాక్ వంతెన 1900లో ప్రారంభమైంది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ కట్టించిన ఆ వంతెన 1997 దాకా రైళ్లను మోసింది. రైలు, ఆ తరువాత లారీ కాలువ సరుకును మెల్లగా లాక్కున్నాయి. రాళ్లు మోసి నీటికి దారి కట్టిన పట్టాలే చివరకు నీటి ప్రయాణాన్ని మింగేశాయి.

నేటి ధవళేశ్వరం

శతాబ్దం దాటిన పాత ఆనకట్ట స్థానంలో 1970లో కొత్త బ్యారేజి నిర్మాణం చేపట్టారు. 1982లో పూర్తయిన దీనికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39 చొప్పున మొత్తం 175 గేట్లున్నాయి. 1986 ఆగస్టు వరదలో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. వానాకాలంలో డెల్టా ప్రజల చెవులు ధవళేశ్వరం వైపే ఉంటాయి. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు.

కాటన్ నివసించిన ఇల్లు ఇప్పుడు ఆయన పేరిట ప్రదర్శనశాల. ఆనకట్ట నమూనాలు, చిత్రాలు, పనిముట్లు అందులో ఉన్నాయి. పరాయి పాలనకు పనిచేసిన ఈ అధికారిని డెల్టా రైతులు నేటికీ కాటన్ దొరగా తలచుకుంటారు. మే 15న ఆయన జయంతికి విగ్రహాలకు పూలమాలలు వేస్తారు.

కాకినాడ, పుదుచ్చేరి కాలువల మార్గాన్ని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ధవళేశ్వరపు కాలువలు, లాకులు, పాత కట్టడాలు ఒకే పనిలో భాగాలు. వాటిలో ఏ ఒక్కటి శిథిలమైనా మిగిలినవి ఎందుకు కట్టారో చెప్పే ఆధారం పోతుంది. అందుకే వీటన్నిటినీ ఒక్కటిగా చూసి కాపాడుకోవాలి.