సైకిలుకు చోటు: గోదావరి డెల్టా నుంచి అన్నవరం వరకు – ఐరోపా నగరాలతో ఒక చారిత్రక పోలిక

1. ఉపోద్ఘాతం:

ఒక ఊరు సైకిలుకు అనుకూలంగా ఉండటానికి కారణం నేల తీరా, వాతావరణమా, లేక పాలనాపరమైన నిర్ణయమా? ఆమ్‌స్టర్‌డామ్, కోపెన్‌హేగన్ నగరాల ప్రస్తావన వచ్చినప్పుడు అవి చల్లని, చదునైన ప్రాంతాలన్న సమాధానం తరచూ వినిపిస్తుంది. గోదావరి డెల్టా కూడా చదునైనదే. ఆ డెల్టాలోని దారుల చరిత్రను, దాని అంచు దాటి కొండలు మొదలయ్యే అన్నవరం పరిస్థితిని ఐరోపా అనుభవంతో పోల్చి, పై ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. కాలువగట్లు – సైకిలు బాటలు:

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగింది. దాని నుంచి బయలుదేరిన కాలువలు సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. తాళ్లతో పడవలను లాగుతూ మనుషులు నడిచిన గట్ల మీదే తరువాతి తరాలు సైకిళ్లు తొక్కాయి. నెదర్లాండ్స్‌లోనూ పడవలు లాగడానికి ఏర్పడిన గట్టుబాటలు అనేకం నేడు సైకిలు మార్గాలుగా ఉన్నాయి. రెండు డెల్టాలలోనూ సైకిలుకు దారి చూపిన వాటిలో కాలువల వ్యవస్థ ఒకటి.

నదీపాయలు అడ్డువచ్చిన చోట కోనసీమ వాసులు సైకిలుతో సహా పంటు ఎక్కేవారు. 1974లో రాజమండ్రి–కొవ్వూరు మధ్య రోడ్డు కం రైలు వంతెన ప్రారంభం కావడంతో అక్కడ అఖండ గోదావరిని సైకిలు మీదే దాటే వీలు కలిగింది.

3. చట్టం దృష్టిలో సైకిలు:

1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం సైకిలును పన్ను విధించదగిన వాహనాల కోవలో చేర్చింది. రాజమండ్రి, కాకినాడ పురపాలక సంఘాలు అప్పట్లో ఈ చట్టం పరిధిలో ఉండేవి. పన్ను కట్టినవారి సైకిలుకు బిళ్ల దక్కింది గాని, ప్రత్యేకమైన దారి దక్కలేదు. పన్ను పోయిన తరువాత కూడా ఈ దృష్టి పూర్తిగా మారలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, బహిరంగ స్థలాలలోను, జాతీయ రహదారుల మీద యంత్రరహిత వాహనాల, పాదచారుల ప్రవేశాన్ని క్రమబద్ధం చేసే నియమాలు రూపొందించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ అధికారాన్ని రక్షణకు వినియోగించవచ్చు, నిషేధానికీ వినియోగించవచ్చు.

4. అన్నవరం – మూడు దారుల ఊరు:

రత్నగిరి మీద శ్రీ సత్యనారాయణస్వామి ఆలయం 1891లో వెలసింది. హౌరా–చెన్నై రైలు మార్గం, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, కొండ మీదికి ఘాట్ రోడ్డు – ఈ మూడూ అన్నవరాన్ని యాత్రాస్థలంగా విస్తరింపజేశాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సైకిలును దృష్టిలో పెట్టుకొని రూపొందించినది కాదు. తొలి పావంచా వద్ద సైకిలు ఆగిపోవడానికి కారణం కొండ. రహదారి వద్ద అది తటపటాయించడానికి కారణం మాత్రం కొండ కాదు. స్వర్ణ చతుర్భుజిలో భాగంగా నాలుగు వరుసలుగా విస్తరించిన ఆ రహదారికి దూరప్రయాణపు వేగమే కొలమానం. పక్క ఊరి నుంచి వచ్చే సైకిలుదారుకు కావలసింది వేగం కాదు, భయం లేకుండా దాటగల చోటు.

5. ఐరోపా అనుభవం:

ఐరోపా నగరాలకు కూడా ఈ చోటు సహజంగా లభించలేదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నెదర్లాండ్స్‌లో కార్లు పెరిగి సైకిళ్లు వెనకబడ్డాయి. 1971లో అక్కడి రోడ్డు ప్రమాదాలలో 3,000 మందికి పైగా మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రుల ఆందోళన, 1973 చమురు సంక్షోభం కలిసి ప్రభుత్వ విధానాన్ని మలుపు తిప్పాయి. వేసవిలో ఎండలు మండే స్పెయిన్ నగరం సెవిల్ 2006 తరువాత కొద్ది సంవత్సరాలలోనే సుమారు 80 కిలోమీటర్ల ప్రత్యేక సైకిలు మార్గాలను నిర్మించింది. సైకిలు ప్రయాణాలు అనేక రెట్లు పెరిగాయి. నార్వేలోని ట్రాండ్‌హైమ్ 1993లో ఏటవాలు వీధిలో సైకిలుదారును పైకి నెట్టే యంత్రాన్ని ఏర్పాటు చేసింది. ఎండ, ఎత్తు అనే రెండు అభ్యంతరాలకూ ఈ నగరాల చరిత్రలో సమాధానాలున్నాయి.

6. వాహనం ఉంది, బాట లేదు:

2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉండగా, మోటారు ద్విచక్రవాహనం ఉన్నవి 21 శాతమే. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంపిణీ చేసింది. బాలికల చదువు మధ్యలో ఆగకుండా చేయడం దీని లక్ష్యం. అయితే సైకిలు అందుకున్న బాలిక బడికి చేరవలసింది లారీలు, బస్సులు నడిచే రోడ్డు మీదనే. దారి భద్రంగా లేదని తల్లిదండ్రులు భావించిన నాడు ఆ సైకిలు ఇంటి వసారాకే పరిమితమవుతుంది.

7. ముగింపు:

గోదావరి డెల్టాకు సమతలమైన నేల, కాలువగట్లు, సైకిలు తొక్కే జనం ముందునుంచే ఉన్నారు. నెదర్లాండ్స్‌కూ ఇవన్నీ ఉన్నాయి. 1970ల తరువాత రెంటి మధ్య ఏర్పడిన తేడా భూగోళానిది కాదు, విధానానిది. కాబట్టి సైకిలు అనుకూలతను కొలిచేటప్పుడు సైకిళ్ల సంఖ్యతో పాటు, ఒక బాలిక తన ఊరి నుంచి బడికి ఎంత భద్రంగా చేరుతుందో కూడా లెక్కించాలి. కాలువగట్ల అభివృద్ధిలోను, రహదారి కూడళ్ల రూపకల్పనలోను ఈ కొలమానానికి చోటు దొరికినప్పుడే, ఒకప్పుడు పన్ను కట్టి బిళ్ల మాత్రమే పొందిన సైకిలుకు దారి కూడా దక్కుతుంది.